రత్నగంధి అంటే గర్వమట!

మా పెద్దమ్మాయి కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి ఏమివ్వాలా అని రెండు నెలలు ఆలోచించాను. వెండి కుందులిస్తే బీరువాలోకి పోతాయి, చీర పెడితే కట్టదు. గోడలన్నీ ఖాళీగా ఉన్నాయని తనే ఒకసారి అన్నది గుర్తొచ్చి, పాత చిత్రాల ప్రింట్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం నుంచి పూల బొమ్మల సెట్టు తెప్పించాను. పన్నెండు బొమ్మలు, ఏ3 సైజు. అన్నీ వందల ఏళ్ల నాటి నీటిరంగు చిత్రాలకూ, వాటి ఆధారంగా అచ్చయిన పుటలకూ నకళ్లు. ఒక్కో బొమ్మతో పాటు ఆ పువ్వు ‘అర్థం’ తెలుగులోనే రాసిన చిన్న అట్టముక్క ఒకటి. మొత్తం 5,400 రూపాయలు. అట్టముక్కలు తెలుగులో ఉన్నాయనే నేను మొగ్గు చూపాను. తీరా చూస్తే పేచీ అంతా వాటితోనే వచ్చింది.

ముప్పై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పినదాన్ని. పిల్లల రికార్డులు దిద్దీ దిద్దీ పువ్వు బొమ్మ కనిపిస్తే కేసరాలు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. పార్సిల్ విప్పగానే కళ్లజోడు తుడుచుకుని, భూతద్దం తీసి కూర్చున్నాను. మా వారు “అవి గోడకు తగిలించుకునేవా, మార్కులు వేసేవా?” అన్నారు. రెండూను.

ముందు వస్తువు సంగతి చెప్పేస్తాను. కాగితం దళసరిది, మెరుపు లేనిది, వేలితో తడిమితే కాస్త గరుకుగా తగులుతుంది. గొట్టంలో చుట్టి పంపారు కాబట్టి రెండు రోజులు బరువు పెట్టి ఉంచితే గాని చదును కాలేదు. నేను తెలుగు నిఘంటువూ, దాని మీద ఇడ్లీ పాత్రా పెట్టాను. అచ్చు మాత్రం నిజంగా బాగుంది. లియొనార్డో డా విన్చీ గీసిన లిల్లీ పువ్వు రేఖల వెంట సూదితో పొడిచిన సన్నని చిల్లులు ఉంటాయి. ఆ చిల్లులు కూడా ఈ ప్రింటులో చుక్కలు చుక్కలుగా కనిపించాయి. మగ్గం వర్కు చేసేవాళ్లు ట్రేసింగు కాగితం మీద డిజైను గీసి, గీత వెంట సూదితో పొడిచి, పొడి అద్ది జాకెట్టు గుడ్డ మీదికి దించుతారు చూడండి, అదే పద్ధతి. ఇక్కడి బొమ్మను మరో చోటికి దించుకోవడానికే ఆ చిల్లులు. నిజానికి అది సిరాతో గీసి పలుచని రంగు పూసిన బొమ్మ, పూర్తి నీటిరంగు చిత్రం అనడానికి లేదు. సెట్టులో కలిపినందుకు నాకు అభ్యంతరం లేదు. దాని అట్టముక్క మీద ‘స్వచ్ఛత’ అని ఉంది. ఇది సరే. దేవదూత వచ్చి మేరీ మాతకు బిడ్డ పుడతాడని చెప్పే ఘట్టాన్ని ఇటలీలో ఎవరు చిత్రించినా తెల్ల లిల్లీ పెట్టడం ఆనవాయితీ. అక్కడ ఆ పువ్వుకు ఆ అర్థం ఉందని చూసేవాళ్లందరికీ తెలుసు. కన్యత్వానికి గుర్తుగా పెట్టిన ఆ పువ్వులోనే కేసరాలను, కీలాన్ని అంత నిక్కచ్చిగా గీశాడు మహానుభావుడు. నా విద్యార్థి అయితే పదికి పది వేసేదాన్ని.

రెడూటే గులాబీ దగ్గర కొంచెం నిరాశ. ఇటలీ మహాచిత్రకారుడితో పోల్చి ‘పూల రఫేల్’ అని పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడు 1817 నుంచి 1824 దాకా భాగాలు భాగాలుగా వెలువరించిన గులాబీల పుస్తకం లోనిది. అసలు చిత్రాలలో రెక్క అంచు దగ్గర రంగు ఉందా లేదా అన్నంత పలుచగా ఉంటుంది. వీళ్లు కంప్యూటర్‌లో గులాబీ రంగు పెంచేశారు. పెళ్లి ఆల్బంలో పెళ్లికూతురి బుగ్గల్లా తయారైంది. అట్ట మీద ‘ప్రేమ’. ఇంకేం రాస్తారు లెండి.

ట్యులిప్ అట్టముక్క చదివి నవ్వాగలేదు. ‘నిండైన ప్రేమకు ప్రతీక’ అట. ఆ బొమ్మ 17వ శతాబ్దపు హాలండులో తయారైన ట్యులిప్ పుస్తకాల కోవలోది. ఆ పుస్తకాలు ఎందుకు పుట్టాయంటే, ట్యులిప్ దుంప కొనే సమయానికి పువ్వు ఉండదు. మట్టి అంటిన ఉల్లిగడ్డ లాంటిది చూపించి ఇల్లు కొనేంత సొమ్ము అడిగితే ఎవరిస్తారు? అందుకని వర్తకులు చిత్రకారుల చేత నీటిరంగులతో పువ్వులు వేయించి కింద రకం పేరు రాయించేవారు. కొన్నింటిలో దుంప తూకం, పలికిన ధర కూడా ఉంటాయి. కట్టని అపార్ట్‌మెంటుకు రంగుల బ్రోచర్ లాంటివన్న మాట. 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలాయి. మరీ విరగబడి కొన్న రకాలు తెల్ల రెక్కల మీద ఎర్రని జ్వాలలు పాకినట్టు ఉండేవి. ఆ జ్వాలలు పేనుబంక మోసుకొచ్చే వైరస్ తెగులు లక్షణమని 1920ల చివర్లో గాని తేలలేదు. దుంపను ఏటికేడు నీరసపరిచే జబ్బును అపురూపమనుకుని కొన్నారు పాపం. ‘అత్యాశ’ అనో ‘అప్పు’ అనో అట్ట మీద రాసి ఉంటే నేను ఈ దుకాణానికి వీరాభిమానినైపోయేదాన్ని.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏడో బొమ్మ తీయగానే “ఇది మన గేటు పక్క చెట్టు కదా!” అన్నారు మా వారు. అవును, రత్నగంధి. ఎర్ర రెక్కలకు పసుపు అంచు, బయటికి దూకినట్టుండే పది పొడుగాటి కేసరాలు. పేరులో గంధం ఉందే గాని పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన లేదు. రోజూ పొద్దున్నే కోసి దేవుడి దగ్గర పెడతాం. అట్టముక్క మీద ‘నెమలి పువ్వు. అందానికి, గర్వానికి ప్రతీక’ అని ఉంది. లాటిన్‌లో ఫ్లోస్ పావోనిస్, అంటే నెమలి పువ్వు. నెమలి అంటే గర్వం. ఎవరో నిఘంటువు ముందు పెట్టుకుని అరనిమిషంలో తేల్చేశారని అర్థమైంది.

ఈ బొమ్మ వేసినావిడ మరియా సిబిల్లా మేరియన్. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పురుగులంటే ప్రాణం. యాభై రెండేళ్ల వయసులో, 1699లో, చిన్న కూతురు డొరొథియాను వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఓడెక్కి దక్షిణ అమెరికాలో డచ్చివాళ్ల వలస అయిన సురినాం వెళ్లింది. అక్కడి గొంగళి పురుగులు ఏ ఆకు తింటాయో, ఎప్పుడు గూడు కట్టుకుంటాయో, ఏమై బయటికొస్తాయో కళ్లతో చూసి బొమ్మలు వేసింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో అరవై చిత్రాలతో పుస్తకం వేసింది. వాటికి సంబంధించి దూడతోలు పలకల మీద ఆవిడ నీటిరంగులు వేసిన ప్రతులు ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. నా ఉద్యోగం రోజుల్లో మా లైబ్రరీలో వాటి ఫోటోల పుస్తకం ఒకటి ఉండేది. రత్నగంధి పుట నాకు కంఠతా వచ్చు.

ఎందుకు కంఠతా వచ్చునంటే, ప్రతి బొమ్మకూ ఎదురుగా మేరియన్ కొన్ని వాక్యాలు రాసింది. ఈ బొమ్మ దగ్గర రాసింది ఇది: దీని గింజలను కాన్పు నొప్పులు రావడానికి వాడతారు. డచ్చి యజమానుల దగ్గర అన్యాయంగా బతుకుతున్న స్థానిక ఆదివాసీ స్త్రీలు, తమ పిల్లలు తమలాగే బానిసలు కాకూడదని ఈ గింజలతో గర్భం పోగొట్టుకుంటారు. గినీ నుంచి, అంగోలా నుంచి పట్టుకొచ్చిన ఆఫ్రికన్ బానిసలు తమను సరిగా చూడకపోతే అసలు పిల్లలనే కనబోమంటారు. కొందరు బతుకు భరించలేక ప్రాణాలే తీసుకుంటారు, చచ్చిపోతే సొంత దేశంలో స్వేచ్ఛగా మళ్లీ పుడతామని వాళ్ల నమ్మకం. ఇదంతా వాళ్ల నోటితోనే విన్నానని కూడా రాసింది.

ఇదీ ఆ పువ్వు అర్థం. చిత్రం వేసిన మనిషే పక్కన రాసిపెట్టింది. గర్వం మాటే లేదు.

పూలకు ఇలా ఒక్కో గుణం అంటగట్టే జాబితాలు యూరప్‌లో జనానికి పిచ్చిగా పట్టుకున్నది 19వ శతాబ్దంలో. పారిస్‌లో 1819లో వచ్చిన ‘పూల భాష’ పుస్తకం తర్వాత అలాంటివి కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ప్రేమికులు చెండులో ఏ పువ్వు పెడితే ఏ కబురు అందుతుందన్న ముచ్చట అది. ముచ్చటే, కాదనను. మేరియన్ చనిపోయిన వందేళ్లకు పుట్టిన ఆ ముచ్చటను తెచ్చి ఆవిడ బొమ్మకు బిళ్లలా అంటించడమే నాకు మింగుడుపడలేదు.

అక్కడితో అయిపోలేదు. బొమ్మలో ఏదో తక్కువైందని అనిపిస్తూనే ఉంది. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ తీసి చూశాను. పురుగు లేదు! అసలు చిత్రంలో ఆకుపచ్చని గొంగళి పురుగు ఉంటుంది, దాని నుంచి వచ్చిన చిమ్మట ఉంటుంది. ఇందులో రెంటినీ తుడిచేశారు. భూతద్దం పెడితే పురుగు ఉండాల్సిన చోట కొమ్మ మరీ నున్నగా, కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది.

మర్నాడు వాళ్ల సహాయ నంబరుకు ఫోను చేశాను. మర్యాదగల కుర్రాడు మాట్లాడాడు.

“హాల్లో పెట్టుకునే బొమ్మల్లో పురుగులుంటే చాలామందికి నచ్చదు మేడమ్. అందుకని మా డిజైనర్లు శుభ్రం చేస్తారు.”

“ఆవిడ పువ్వు కోసం పురుగును వెయ్యలేదు బాబూ. పురుగు కోసం పువ్వును వేసింది. పుస్తకం పేరే సురినాం పురుగుల రూపాంతరం.”

రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత “అయితే పురుగులున్నది పంపించమంటారా మేడమ్?” అన్నాడు. ఉందట! అడిగినవాళ్లకు ఇస్తారట. డబ్బు తీసుకోకుండా, పాతది వెనక్కి అడగకుండా తొమ్మిదో రోజుకు పంపించారు. ఈ ఒక్క పనికి ఒక నక్షత్రం అదనంగా ఇస్తున్నాను. కొనదలచినవాళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే ‘తుడవనిది కావాలి’ అని రాయండి. సైటులో ఆ సంగతి ఎక్కడా చెప్పరు.

పాషన్ పువ్వు అట్ట మీద ‘విశ్వాసం’ అని ఉంది. దీనికి సగం మార్కులు. దక్షిణ అమెరికా వెళ్లిన క్రైస్తవ మిషనరీలు ఆ తీగ పువ్వును చూసి క్రీస్తు శిలువ కథనంతా అందులో చదువుకున్నారు. మూడు కీలాగ్రాలు మూడు మేకులు, ఐదు పుప్పొడి తిత్తులు ఐదు గాయాలు, చుట్టూ ఉన్న పోగులు ముళ్ల కిరీటం. అదే జాతి పువ్వు మన దొడ్లోకి వచ్చేసరికి ఏమైంది? పోగులు నూరుగురు కౌరవులు, ఐదు తిత్తులు పాండవులు, పైన మూడు త్రిమూర్తులు. కౌరవ పాండవుల పువ్వు! మా కాలేజీ ప్రహరీ మీద పాకి ఉండేది. “నిజంగా నూరు ఉంటాయా మేడమ్?” అని ఒక అమ్మాయి అడిగితే ఇద్దరం కూర్చుని సూదితో ఒక్కొక్కటే పక్కకు తీస్తూ లెక్కపెట్టాం. నూరు రాలేదు. కొందరు కౌరవులు యుద్ధానికి రాలేదేమో అంది ఆ పిల్ల. ఆ ఒక్క అట్ట మీద ఈ రెండు కథలూ రాసి ఉంటే ఎంత బాగుండేది. చోటు లేదందామా అంటే, అట్టకు మూడొంతులు బంగారు రంగు లతలే.

చివరగా చెబుతున్నాను గాని, నాకు ఎక్కువ బాధ కలిగించింది మోదుగు పువ్వు. మాది కాకినాడ. పక్కనే సామర్లకోట. ఆ సామర్లకోటలోనే విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో తోట వేసి, చుట్టుపక్కల మొక్కలన్నీ పరిశీలించి, వాటి తెలుగు పేర్లు రాసుకుని, బొమ్మలు వేయించాడు. వాటి నుంచి ఎంచిన మూడు వందల చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది. మోదుగు అందులోదే. కాండం నిండా ముక్కుల్లాంటి పువ్వులు, పక్కన మూడే మూడు ఆకులు. మన ఊరి ఎండలో పూసిన మోదుగు అని చూడగానే తెలిసిపోతుంది.

అట్ట మీద ‘చిత్రకారుడు: విలియం రాక్స్‌బర్గ్’ అని వేశారు. కాదు. ఆయన జీతమిచ్చి పెట్టుకున్న ఈ దేశపు చిత్రకారులు వేశారు. వాళ్ల పేర్లు ఆ పుటల మీదికి ఎక్కలేదు. పేరు రాయకపోవడం ఒక తప్పు, రెండు వందల ఏళ్ల తర్వాత ఆ ఖాళీలో వేరేవాళ్ల పేరు రాయడం ఇంకో తప్పు. తర్వాతి తరంలో మద్రాసులో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ ఈ విషయంలో నయం. తన దగ్గర బొమ్మలు వేసిన రంగయ్య, గోవిందుల పేర్లు లోకానికి తెలియనిచ్చాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు కూడా. ఈ సెట్టులో వాళ్ల బొమ్మ ఒక్కటీ లేదు.

మోదుగు అర్థం అట్ట మీద ‘తీవ్రమైన అనురాగం’. ఎర్రగా ఉంది కదా అని రాసేసి ఉంటారు. మనకు మోదుగు అంటే ముందు విస్తరి. ఎండబెట్టిన ఆకులను పుల్లలతో కుట్టుకుని అన్నం తిన్నాం. తర్వాత హోళీ రంగు. పటిక నీళ్లలో తడిపిన నూలు గుడ్డకు ఈ పువ్వుల రసం చక్కని పసుపు పట్టిస్తుందని రాక్స్‌బర్గ్ కూడా రాశాడు. ఇక పెద్దవాళ్ల నోట మోదుగు పువ్వంటే చదువు లేని అందగాడు. రూపం ఉంది, వాసన లేదు అని. సంస్కృత నీతి శ్లోకంలోని కింశుకం ఇదే. మా నాన్నగారు నా పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఒక కుర్రాడిని ఈ ఒక్క మాటతో కొట్టిపారేశారు. అనురాగం మాట మాత్రం ఎవరూ అనలేదు.

మిగిలిన ఆరు బొమ్మల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఐరిస్, కమలం బాగున్నాయి. పియోనీ బొమ్మ అడుగున ఎవరిదో గ్రంథాలయ ముద్ర సగం కనిపిస్తోంది, అది నాకు నచ్చింది కూడా. ఒక బొమ్మ రెండుసార్లు అచ్చు పడ్డట్టు అలికినట్టుంది, మార్చమని అడగాలి.

ఫ్రేముల విషయంలో ఒక మాట. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉండేవాళ్లు బొమ్మను నేరుగా అద్దానికి ఆనించి కట్టించవద్దు. మధ్యలో మౌంటు బోర్డు పెట్టించండి, లేకపోతే ఒక్క వానాకాలానికే బూజు పడుతుంది. నేను ఇక్కడే కట్టించాను, ఒక్కోదానికి 450 అయింది.

మొత్తం మీద అచ్చుకు నాలుగు, అట్టలకు ఒకటి, ఫోను ఎత్తిన కుర్రాడికి ఐదు. కలిపి మూడున్నర వేసుకోండి. అట్టముక్కలు లేకుండా విడి బొమ్మలు 500 చొప్పున ఇస్తారు, సెట్టు కన్నా ఖరీదు కాస్త ఎక్కువైనా అలా కొనుక్కోవడమే మేలు.

అమ్మాయికి పదకొండే ఇచ్చాను. పన్నెండోది ఏదమ్మా అని అడిగింది. అది మా ఇంట్లో, గేటు కనిపించే కిటికీ పక్కన ఉంది. పురుగులున్నదే. అట్టముక్కను తిరగేసి ‘గర్వం’ వెనకాల మేరియన్ రాసిన సంగతంతా చిన్న అక్షరాలతో రాసి ఫ్రేము వెనక అంటించాను. పురుగులు తుడిచేసిన ప్రింటు మాత్రం అమ్మాయికి పంపలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పప్పుల డబ్బాల అరలో అడుగున పరిచాను. కొలత సరిగ్గా సరిపోయింది.